నా కాలికి కోసిన మేక

మా కొండ మీద ఒకరు ఇంకొకరికి హాని చేస్తే మేకను తెస్తారు. ఊరిపెద్దను మావాళ్ళు నాయుడంటారు. ఆయన ఎదుట నిలబడి, ఫలానా తప్పు చేశానని నలుగురూ వినేలా ఒప్పుకుంటారు. మేకను కోసి, కార్జం నిప్పుల మీద కాల్చి, మొదటి ముక్క దెబ్బ తిన్న మనిషి నోట్లో తమ చేత్తో పెడతారు. తక్కిన మాంసం ఊరంతా అడ్డాకుల్లో వడ్డించుకుని తింటుంది. ఎముకలు కుక్కలకు కూడా వెయ్యరు, గొయ్యి తీసి పూడుస్తారు. దీన్నే తప్పు తినడం అంటారు. అక్కడితో ఆ తప్పు లేనట్టే. తిన్నవాళ్ళెవరూ దాన్ని మళ్ళీ నోటితో అనకూడదు. అంటే ఇంటికి కీడు.

పద్ధతి మంచిదే, కాదనను. తాగి కొట్టుకున్నవాళ్ళు, ఒకరి చేలో ఇంకొకరు పశువుల్ని తోలినవాళ్ళు పోలీసుల గడప తొక్కకుండా దీనితోనే సర్దుకునేవారు. తాతలు పడిన తగాదా మనవల దాకా రాకుండా ఆగేది. కానీ నా దగ్గరకొచ్చేసరికి ఆ పద్ధతే నావాళ్ళందరి నోళ్ళూ కట్టేసింది. కట్టినవాడు కొండ మనిషి కూడా కాదు. మా ఇంట్లో తిని, మా పద్ధతి మా దగ్గరే నేర్చుకుని, దాన్ని మా మీదికే తిప్పాడు. ఇన్నేళ్ళయినా నాకది మింగుడు పడలేదు.

ఆయన సాలూరు మనిషి. మా అయ్యకు నేస్తం. నేస్తం అంటే పట్నాల్లో చెప్పుకునే స్నేహం కాదు. అమ్మవారి పండగనాడు కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని, అందరి ముందూ కట్టుకునే బంధం. కట్టుకున్నాక ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పలకరు, నేస్తమా అనే పిలుచుకుంటారు. వయసులో ఉండగా ఆయన చింతపండు కొనడానికి మా సంతకొచ్చి, కొండజ్వరం తగిలి మా ఇంటి అరుగు మీదే పడిపోయాడట. మా అమ్మ గంజి కాచి పోసింది. లేచి తిరిగాక ఆయనే అడిగి నేస్తం కట్టుకున్నాడు. ఆ తర్వాత వ్యాపారం పెరిగి లారీ కొన్నాడు. నాకు చిన్నాన్న వరస.

మంచివాడు కాదంటే నా నోరు పడిపోతుంది. మా అమ్మ పోయాక నన్ను ఆశ్రమ పాఠశాలలో చేర్పించింది ఆయనే. హాస్టలుకి వచ్చినప్పుడల్లా రిబ్బన్లు, కొబ్బరినూనె, ఒక పొట్లం మరమరాలు తెచ్చేవాడు. తోటి పిల్లలు మీ నాన్నా అని అడిగితే నేను అవునని చెప్పిన రోజులున్నాయి. మా అయ్య హాస్టలుకి ఎప్పుడూ రాలేదు. గేటు దగ్గర ఏం మాట్లాడాలో తెలియదని భయపడేవాడు.

పదో తరగతి పాసయ్యాక నాకు నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది. మా ఊరి నుంచి అంతదాకా చదివిన ఆడపిల్ల లేదు. ట్రైనింగ్ అయితే కొండ కొండా తిరిగి కాన్పులు చూడాలి, సూదులు వెయ్యాలి. నడవడం నాకు లెక్కా? పుట్టిందే ఏటవాలు మీద.

చేరడానికి ఇంకా కొద్ది రోజులుండగా చిన్నమ్మా నేనూ సంతకు వెళ్ళాం. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పక్క ఇల్లే. అమ్మ పోయినప్పటి నుంచి నాకు తల దువ్వి, అన్నం పెట్టింది ఆవిడే. తిరిగి వస్తూ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం. ఆ రోడ్డు మీద ఒక మలుపుంది. అక్కడ కొండ పక్కకు తప్పుకుని కింద మైదానమంతా కనిపిస్తుంది. ఘాటీ అంతా గరగరమనే రేడియో అక్కడికొచ్చేసరికి చక్కగా పాడేది. అందుకని లారీవాళ్ళు దాన్ని రేడియో మలుపు అనేవారు. ట్రాన్సిస్టరు ఉన్న ప్రతివాడూ అక్కడ బిరడా తిప్పేవాడే.

చిన్నమ్మ నెత్తిమీది బుట్ట జారుతోందని ఆగి వెనక్కి తిరిగి సర్దుకుంటోంది. నేను నాలుగడుగులు ముందున్నాను. వెనక లారీ ఎక్కుతున్న చప్పుడు వినిపించి రోడ్డంచు పిట్టగోడ పక్కకు జరిగాను. లారీ చప్పుడులోంచి గరగర, ఆ తర్వాత ఒక పాట ముక్క వినబడ్డాయి. చిన్నమ్మ అరిచింది. బండి మెల్లిగానే వస్తోంది, కానీ తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా నా మీదికొచ్చి, ఎడమ కాలిని రాతి పిట్టగోడకు పెట్టి అదిమేసింది.

అది చిన్నాన్న లారీయే. స్పృహ వచ్చేసరికి ఆయన కొడుకు రోడ్డు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. జీతపు డ్రైవరు స్టీరింగ్ దగ్గర ఉన్నాడు. పోలీసులు వచ్చినప్పుడూ డ్రైవరే ఉన్నాడు కాబట్టి అతని పేరే రాసుకున్నారు. ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని చిన్నమ్మ అసలు సంగతి చెప్పింది. బండి తోలింది కొడుకు. చదువు మానేసి లారీల మోజులో తిరుగుతున్నవాడు, లైసెన్సు లేదు.

“ఆ గుంటడే తోలినాడే. పాటల పెట్టెకేసి సూస్తన్నాడు గానీ తోవకేసి సూడనేదు,” అంది.

చిన్నాన్న నన్ను విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. రాత్రింబవళ్ళు వరండాలో పడుకున్నాడు. నా ముఖం తుడిచాడు, నారింజ తొనలు ఒలిచి పెట్టాడు. ఆ ప్రేమ నాటకమంటే నేను ఒప్పుకోను. నాటకమైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

కట్టు వేసి ఇంటికి పంపించారు. ఎముక సరిగ్గా అతకడం లేదని, కొన్నాళ్ళాగి మళ్ళీ విరిచి లోపల కడ్డీ వెయ్యాలని డాక్టరు చెప్పాడు. అలా చేస్తే మామూలుగా నడుస్తానన్నాడు. చెయ్యకపోతే చదును నేల మీద కర్రతో నడవచ్చు గానీ కొండలు ఎక్కే ఆశ వదులుకోమన్నాడు. ట్రైనింగువాళ్ళు సీటు ఒక ఏడాది ఆపుతామన్నారు, కాలు బాగుపడితేనే. అప్పటి నుంచీ నా బతుకంతా ఆ రెండో ఆపరేషన్ చుట్టూ తిరిగింది. దానికి నెలల తరబడి పట్నంలో ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. చోళ్ళూ సామలూ పండించుకుని తినే ఇంట్లో అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంటికొచ్చాక ఒకనాటి మధ్యాహ్నం వాకిట్లో సందడి వినిపించింది. ఊళ్ళోవాళ్ళు చాలామంది వచ్చారు. నేను లోపల మంచం మీద ఉన్నాను, గుమ్మంలోంచి కాళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. ఏమిటయ్యా అని అడిగితే మా అయ్య, నేస్తం నిన్ను చూడ్డానికొచ్చాడు, మేకను తెచ్చాడు అన్నాడు. కాసేపటికి చిన్నాన్న ఆకులో కాల్చిన కార్జం పెట్టుకుని లోపలికొచ్చాడు. బలం రావాలి, తిను తల్లీ, అని ముక్క నా నోట్లో పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నాకూ వచ్చాయి. కన్నతండ్రి ఏనాడూ చెయ్యని పని ఈయన చేస్తున్నాడనుకుని నమిలి మింగాను.

మా పద్ధతి నాకు తెలియనిది కాదు. కానీ చిన్నతనం నుంచీ హాస్టల్లో పెరిగినదాన్ని, తప్పు తినడం దగ్గరుండి చూసింది తక్కువ. పైగా తప్పు తినేది కొట్లాటలకు, పశువుల తగాదాలకు. లారీకీ మేకకూ ముడిపెట్టడం నా ఊహకు అందలేదు. అందినా, ఆకు పట్టుకొచ్చింది చిన్నాన్న, అనుమానిస్తానా?

హాస్టల్ వార్డెనమ్మ నన్ను చూడ్డానికి కొండెక్కి వచ్చింది. కాలు చూసి, జరిగింది విని, ఊరుకున్నారా అని కోప్పడింది. నన్ను డోలీలో రోడ్డు దాకా మోయించి, బస్సెక్కించి, కింద పట్నంలో తనకు తెలిసిన ముసలి ప్లీడరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు పెట్టుకోవడానికి స్టూలు తానే జరిపాడు.

రోడ్డు మీద నడిచే మనిషికి బండి తగిలి దెబ్బ తగిలితే, అది తోలేవాడి అజాగ్రత్త వల్లయితే, పరిహారం అడిగే హక్కు ఉందని ఆయన చెప్పాడు. దానికి వేరే కోర్టు ఉందట. ఆరు నెలల లోపు అర్జీ పెట్టాలట. పోలీసుల కేసు వేరు, ఇది వేరు. మామూలుగా అయితే బండి ఇన్సూరెన్సు కంపెనీయే కట్టాలి. లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇచ్చాడని తేలితే కంపెనీ చేతులు దులుపుకుంటుంది, అంతా యజమాని నెత్తిన పడుతుంది. తోలినవాడికి శిక్ష కూడా పడొచ్చు. ఇదంతా చెప్పి ఆయన, “ఇది వాళ్ళ దయ కాదమ్మా, నీ హక్కు. మీ నాన్నది కూడా కాదు, నీది,” అన్నాడు.

హక్కు అన్న మాట నేను సాంఘిక శాస్త్రంలో చదివి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది నాకు కూడా ఉంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది. అర్జీ వేశాం. కొడుకే తోలాడని, రేడియో తిప్పుతూ తోలాడని ఉన్నదున్నట్టు చెప్పాం. చిన్నాన్న నష్టపోవాలని నేను కోరుకోలేదు. నా కాలు నాకు కావాలి, అంతే. ఆయన అర్థం చేసుకుంటాడనే అనుకున్నాను.

కోర్టు కాగితం అందగానే చిన్నాన్న వచ్చాడు. నా గదిలోకి రాలేదు. అయ్యతో అరుగు మీద చాలాసేపు మాట్లాడి, నీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అయ్య నన్ను కేసు మానుకోమన్నాడు. ఎందుకయ్యా అంటే చెప్పడు. కోర్టంటే భయమనుకున్నాను. చిన్నమ్మను అడిగాను, చూసింది చెబుతావా అని. ఆవిడ పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది. వస్తాను అంది. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానంది. చెబుతానని అనలేదు. ఆ తేడా నేను పట్టుకోలేదు.

వాయిదా రోజున నా సాక్ష్యం ముందు తీసుకున్నారు. వెనక నుంచి తగిలింది, తోలినవాణ్ణి చూడలేదు, పాట విన్నాను అని చెప్పాను. అవతలి ప్లీడరు లేచి, డ్రైవరు లైసెన్సున్నవాడనీ, హారన్ కొట్టాడనీ, అమ్మాయే రోడ్డు మధ్యలో నడుస్తోందనీ వాదించాడు. ఇక అంతా చూసిన మనిషి చిన్నమ్మ ఒక్కతే. ఆవిడను పిలిచారు. కొత్త కోక కట్టుకుని వచ్చింది. మా ప్లీడరు నెమ్మదిగా అడిగాడు. ఆ రోజు లారీ తోలిందెవరమ్మా?

చిన్నమ్మ కింద చూస్తూ నిలబడింది. ఆయన మళ్ళీ అడిగాడు. జడ్జీగారు కూడా భయపడకుండా చెప్పమన్నారు. ఆవిడ నావైపు ఒకసారి చూసి, “ఆ తప్పు తినీసినాం బాబూ. మరి అనకూడదు,” అంది.

కోర్టు హాల్లో కొందరు నవ్వారు. జడ్జీగారికి అర్థం కాలేదు. అవతలి ప్లీడరు అందుకున్నాడు. వీళ్ళ ఆచారం ప్రకారం యజమాని మేకను ఇచ్చాడని, ఊరంతా తిన్నారని, దెబ్బ తగిలిన అమ్మాయి కూడా యజమాని చేతి ముద్ద తిన్నదని, అంతటితో రాజీ అయిపోయిందని గడగడా చెప్పాడు. నా నోట్లో ఆ కార్జం రుచి మళ్ళీ వచ్చింది. బలం రావాలి, తిను తల్లీ. ఆ మనిషి వాకిట్లో నా కాలి గురించి తప్పు ఒప్పుకుని, నా వాళ్ళందరినీ కూర్చోబెట్టి, లోపలికొచ్చి నా నోట్లోనే ముడి బిగించి పోయాడు. నాకు చెప్పకుండా. నన్ను కన్నవాడు అక్కడే ఉండి కూడా నాకు చెప్పకుండా.

జడ్జీగారు న్యాయంగానే మాట్లాడారు. మేక తిన్నంత మాత్రాన చట్టంలో హక్కు పోదన్నారు. కానీ చూసినవాళ్ళు చూసింది చెప్పకపోతే తానేం చెయ్యగలనన్నారు. మా ప్లీడరు బతిమాలితే, వచ్చే వాయిదాలో ఈవిడను ఇంకొక్కసారి అడగడానికి ఒప్పుకున్నారు.

బయట వరండాలో చిన్నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కర్ర టకటకలాడించుకుంటూ ఆయన ముందుకెళ్ళాను. ఆయన తప్పించుకోలేదు. మా పద్ధతి నీకెవరు నేర్పారు చిన్నాన్నా అని అడిగాను.

“మీ అయ్యే,” అన్నాడు. “ఆడు నా కొడుకమ్మా. నువ్వూ నా కూతురివే. ఇద్దర్నీ కాయలేను కదా,” అన్నాడు.

నాకు ఏం కావాలన్నా ఇస్తానని, కోర్టు దాకా మాత్రం తేవద్దని, ఆపరేషన్ కూడా ఎప్పటికైనా చేయిస్తానని ఆయన అంటూనే ఉన్నాడు. నేను వినలేదు. అప్పటికే ఆయన మాటకు నా దగ్గర విలువ పోయింది. నమ్మించి గొంతు కోసేవాళ్ళు ముసుగులు వేసుకుని వస్తారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నారింజ పళ్ళు పట్టుకుని కూడా వస్తారని ఆ రోజు తెలుసుకున్నాను.

తిరుగు బస్సులో చిన్నమ్మ కోక చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. సాలూరు దాటాక ఆవిడే దగ్గరికి జరిగి, దారొకటి ఉందే అంది. మేకను తిరగ్గట్టాలి.

అది మా పద్ధతిలో ఉన్నదే. ఎవరూ వాడరు గానీ ఉంది. తిన్న తప్పు సరిపోలేదనుకుంటే, మేకకు మేక తీసుకెళ్ళి అవతలివాడి గుమ్మానికి కట్టి రావాలి. పగటిపూట, పదిమందీ చూసేలా, తాడు చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళాలి. కట్టి వచ్చాక తప్పు మళ్ళీ లేచినట్టే. ఎవరైనా దాని గురించి మాట్లాడొచ్చు, కీడు రాదు. ఇంటి పెద్ద కట్టడం రివాజు, లేదంటే దెబ్బ తిన్న మనిషే కట్టాలి. వేరెవరు కట్టినా చెల్లదు.

“మీ అయ్యను కట్టీమను. ఆ మరునాడే బోనెక్కి సూసిందంతా సెప్పీసి వత్తాను,” అంది చిన్నమ్మ.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మేక. మా దొడ్లో మేకలున్నాయి. అందులో ఒకటి మా అమ్మ వదిలివెళ్ళిన మేక సంతతి, ఊళ్ళో అందరూ నాదనే చెప్పేవారు. అయ్య దాన్ని సాలూరు దాకా తోలుకుపోయి కట్టి వస్తే చాలు. రెండో ఆపరేషన్, ట్రైనింగు, కొండలు, అన్నీ ఆ తాడు చివరే ఉన్నాయి.

అయ్య వాకిట్లో కూర్చుని బుట్టకు బద్దలు చీరుతున్నాడు. అడిగాను. ఇంకో బద్ద అందుకున్నాడు. మళ్ళీ అడిగాను. ఆ రోజు వాకిట్లో జరిగిందంతా తెలిసే నాకు చెప్పలేదు కదా, ఇదైనా చెయ్యమన్నాను. అప్పుడు నోరు విప్పాడు. నేస్తం వచ్చి కాళ్ళ మీద పడ్డంత పని చేశాడట. తప్పు ఒప్పుకున్నవాణ్ణి కాదనడం పుట్టి బుద్ధెరిగాక చెయ్యలేదట. నాకు చెబితే చదువుకున్నదాన్ని కాబట్టి తిననంటానని చెప్పలేదట. నేస్తం గుమ్మానికి మేకను కట్టడమంటే అమ్మవారి ఎదుట కట్టుకున్న బంధం తెంపడమేనట. ఇవన్నీ విన్నాను. ఇంకా ఏదో ఉందని తెలుస్తూనే ఉంది. చివరికి అదీ అన్నాడు.

“ఒలే, నువ్వు రేపు ఒకలింటికి పోయీదానివి. ఆడు నా పాడె మోసీవోడు.”

ఈ కాలితో నన్ను ఎవరింటికి పంపిస్తావయ్యా అన్నాను. ఆయన మళ్ళీ బద్ద చీరడంలో పడిపోయాడు.

ఆడపిల్ల ఎలాగూ పోయేదే అని మా కొండ మీద పెద్దగా అనరు. మైదానం వాళ్ళలాగ మేము కట్నాలివ్వం. అయినా మా అయ్య ఆ మాట అన్నాడు. నేస్తం కట్టుకుని ఇన్నేళ్ళలో ఆయన సాలూరు నుంచి మంచివీ తెచ్చుకున్నాడు, ఇలాంటివీ తెచ్చుకున్నాడు. ఆ మాటతో ఆయన నాకు తండ్రి కాకుండా పోయాడని ఇప్పుడు రాస్తే, ఎంత మాటంటావని తిట్టేవాళ్ళుంటారు. తిట్టనీ.

వాయిదా దగ్గరపడుతుండగా ఒక ఉదయం నేనే బయల్దేరాను. దెబ్బ తిన్న మనిషి కట్టినా చెల్లుతుంది కదా. అయ్య చేనుకి పోయాడనుకుని, నా మేకకు తాడు కట్టి, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో తాడు పట్టుకున్నాను. రోడ్డు దాకా దిగితే పొద్దుటి బస్సు ఉంటుంది. మేకను బస్సులో తీసుకెళ్తే అమ్మకానికి పోతోందనుకుంటారు గానీ, సాలూరులో దిగి బజారంతా నడిపిస్తే చాలునని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊరు చివర ఇళ్ళవాళ్ళు చూశారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ మాట అన్నట్టవుతుంది.

దిగేటప్పుడు ఏటవాలులో కర్ర నిలవలేదు. కూర్చుని జరిగాను. మేక ఆకుల కోసం పక్కకు లాగింది. లాగితే లాగనిచ్చి, మళ్ళీ ఇటు లాక్కున్నాను. మోచేతులు దోక్కుపోయాయి. దారి సగంలో నీళ్ళు పారే చోట రాళ్ళు నాచు పట్టి ఉన్నాయి. అక్కడ నిలబడబోయి జారి పడ్డాను, దెబ్బ తిన్న కాలు ఒంటి కింద పడింది. ఆ నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. కర్ర దొర్లుకుంటూ పొదల్లోకి పోయింది. తాడు మాత్రం వదల్లేదు. కింద ఎక్కడో బస్సు హారన్ వినిపించింది. నేను అరిచాను, ఆగమని. కొండ మీద నుంచి అరిస్తే బస్సాగుతుందా?

అప్పుడు వెనక అడుగుల చప్పుడయింది. మా అయ్య. చేనుకి పోలేదు, మొదటి నుంచీ నా వెనకే వస్తున్నాడు. నేను కూర్చుని జరగడం చూశాడు, మోచేతులు దోక్కుపోవడం చూశాడు, పడటం చూశాడు. బస్సు వెళ్ళిపోయేదాకా ఆగాడు.

నా దగ్గరికొచ్చి వంగాడు. లేవదీస్తాడనుకుని చెయ్యి చాచాను. ఆయన నా రెండో చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తాడు తీసుకున్నాడు. మేకను భుజాలకెత్తుకుని, కాళ్ళు రెండు పక్కలా పట్టుకుని, వచ్చిన దారినే ఎక్కి పోయాడు. నేను అయ్యా అని పిలిచాను. తిరగలేదు.

ఆ వాయిదాకి చిన్నమ్మ నాతో వచ్చి, ముందు చెప్పిన ముక్కే చెప్పింది. కేసు కొట్టేశారు. ట్రైనింగు సీటు ఇంకొకరికి వెళ్ళింది. ఎప్పటికైనా చేయిస్తానన్న ఆపరేషన్ ఎప్పటికీ కాలేదు. ఇవన్నీ తర్వాత జరిగినవి. నా వరకు కేసు ఆ నాచు రాళ్ళ దగ్గరే కొట్టేశారు.

ఎండ నడినెత్తికొచ్చాక అయ్య మళ్ళీ వచ్చాడు, ఈసారి ఉత్త చేతులతో. మేకను దొడ్లో కట్టేసి, తలుపు బిగించి వచ్చానని చెప్పాడు. నా ముందు వీపు చూపించి, గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు అలాగే ఎక్కించుకుని వాగు దాటించేవాడు. నాకు ఆ వీపు మీద ఉమ్మెయ్యాలనిపించింది. చుట్టూ చూశాను. కర్ర లేదు. పైకి ఏటవాలు, కిందికి ఏటవాలు.

ఆయన మెడ చుట్టూ చేతులు వేసి ఎక్కాను.